గిర్ని జాగలో దుకాణాలు

తెలంగాణలో మిల్లును గిర్ని అంటారు. పిండి గిర్ని, వడ్ల గిర్ని, నూనె గిర్ని. మరాఠీలోనూ అది గిరణీయే. ముంబైలో ఒకప్పుడు బట్టల మిల్లులు కిక్కిరిసి ఉన్న పరేల్, లాల్‌బాగ్ ప్రాంతాన్ని అక్కడి జనం గిరణ్‌గావ్ అని పిలుచుకున్నారు. గిర్నీల ఊరు అని అర్థం. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో బతుకుదెరువు కోసం బొంబాయి బస్సెక్కిన మనిషికి ఆ పేరు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ గిర్నీల ఊరు ఇప్పుడు షాపింగ్‌కు పేరుపడింది. అంత పెద్ద ఎత్తున కాకపోయినా దక్షిణ తెలంగాణ పట్టణాల్లోనూ అదే జరుగుతోంది. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి లాంటి ఊళ్లలో పెద్ద రోడ్డు మీదో గంజ్ (ధాన్యం మార్కెట్) పక్కనో పాత మిల్లు జాగలు ఉంటాయి. ట్రాక్టర్లు, లారీలు బారులు తీరిన గేటులోంచి ఇప్పుడు కార్లు, స్కూటీలు లోపలికి పోతుంటాయి. రోడ్డు వైపు ప్రహరీ పగలగొట్టి వరసగా మల్గీలు, అంటే దుకాణాల గదులు, కడతారు. లోపలి షెడ్డులో బట్టల షోరూమో, ఫర్నిచర్ దుకాణమో, ఫంక్షన్ హాలో వెలుస్తుంది.

"మిల్లు నడవలేదు, జాగ అమ్ముకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు చాలామంది. లెక్క చూస్తే ఆ మాట సగమే నిజం. పాలమూరులో నూనె మిల్లులు నిజంగానే నడవక మూతపడ్డాయి. నల్లగొండ వైపు వడ్ల మిల్లులు మాత్రం నడుస్తూనే, ఇంకా పెద్దవవుతూనే ఊరి నడుమ నుంచి ఖాళీ చేశాయి. ముంబైలో కథ వేరే, అక్కడ సమ్మె ఉంది, చట్టం ఉంది, కోర్టు ఉంది. మూడు చోట్లా కారణాలు వేరైనా చివరికి తేలింది ఒకటే: మిల్లు ఏడాదంతా తిరిగి సంపాదించే దానికంటే దాని కింద ఉన్న నేల ఊరికే ఉండి ఎక్కువ సంపాదించే రోజు వచ్చింది. ఆ రోజు వచ్చాక ఆ నేలలో ఎవరి వాటా ఎంత అన్నది అసలు ప్రశ్న. మన పట్టణాల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్లు చాలా తక్కువ.

ముందు ముంబై సంగతి చూడాలి, ఎందుకంటే ఆ ప్రశ్నను అక్కడ కనీసం చట్టంలో రాశారు.

ముంబైలో తొలి నూలు మిల్లు కంపెనీని 1854లో కావస్జీ నానాభాయ్ దావర్ పెట్టారు. యాభై ఏళ్ల తర్వాత, 1905లో, లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు వచ్చింది. ఆ నగరాన్ని కట్టడంలో తెలంగాణ నుంచి వెళ్లిన కూలీల చేయి పాతది. కామాఠీలు అని పిలిచిన తెలుగు కూలీల పేరు మీదనే కామాఠిపుర అనే పేటకు ఆ పేరు వచ్చింది. మగ్గం మీద బతకలేక నల్లగొండ, కరీంనగర్ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు ఎందరో ముంబై మిల్లుల్లో, దాని పక్కనున్న భివండీ పవర్‌లూమ్‌ల మీద పనిచేశారు. చేతి మగ్గాన్ని దెబ్బతీసిన మిల్లులోనే ఆ మగ్గం నేసిన మనిషి కూలికి కుదరాల్సి వచ్చింది.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. సమ్మె ఏడాది దాటింది. ఈలోగా యజమానులు నేత పనిని భివండీ లాంటి చోట్ల పవర్‌లూమ్‌లకు మళ్లించడం అలవాటు చేసుకున్నారు. చాలా మిల్లులు మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. అప్పటికే వాటి యంత్రాలు పాతబడి ఉన్నాయి, చుట్టూ నగరం పెరిగి నేల ధర ఆకాశానికి ఎక్కింది.

1991లో ముంబై అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వది వచ్చింది. మిల్లు స్థలాన్ని వేరే పనికి వాడుకోవాలంటే దాన్ని మూడు భాగాలు చేయాలి. ఒకటి ఖాళీ స్థలాలు, పార్కుల కోసం నగరపాలక సంస్థకు. ఒకటి సామాన్యుల ఇళ్ల కోసం ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థకు. మూడోది యజమానికి. వినడానికి ఇంత సాదా సీదాగా ఉన్న సూత్రంలో పెద్ద ఆలోచన ఉంది. మిల్లుకు ఆ నేల పరిశ్రమ పేరు మీద వచ్చింది, ఆ పరిశ్రమ పోయినప్పుడు దాని విలువ పెరగడానికి కారణమైన నగరానికీ, అందులో పనిచేసిన మనిషికీ వాటా ఉండాలి అని.

2001లో ఆ నిబంధన మారింది. మిల్లు ఆవరణలో కట్టడాలు లేని ఖాళీ నేలను మాత్రమే మూడు భాగాలు చేస్తే చాలన్నారు. మిల్లు అంటేనే నిండా షెడ్లు కదా, ఖాళీ ఎంత మిగులుతుంది? ప్రజల వాటా ఒక్క దెబ్బతో కుంచించుకుపోయింది. కోర్టుకెళ్తే 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించింది. మిల్లు కార్మికులకు 2012 నుంచి లాటరీ పద్ధతిలో కొన్ని ఇళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. సమ్మె నాటికి ముప్పయ్యేళ్ల వాడు అప్పటికి అరవైకి చేరాడు.

ఫీనిక్స్ మిల్లు ఆవరణ ఇదే కాలంలో, 1990ల చివర నుంచి, ఒక్కొక్క ముక్కగా షాపింగ్ కేంద్రంగా మారింది. మొదట ఆటల కేంద్రం, హోటళ్లు, తర్వాత దుకాణాలు, ఆ పైన ఖరీదైన బ్రాండ్ల కోసం వేరే భవనం. మిల్లు పొగగొట్టాన్ని మాత్రం కూల్చలేదు. మాల్‌లో ఫొటోలు దిగేవాళ్ల వెనక ఇప్పటికీ అది కనిపిస్తుంది.

ఇక మన వైపు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట చేలు వరి మళ్లు అయ్యాయి. ఆ డ్యాం కట్టినవాళ్లలో పాలమూరు కూలీలూ ఉన్నారని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో రాళ్లు మోయడానికి వెళ్లారు. వాళ్లు మోసిన రాళ్ల మీద నిలిచిన నీళ్లు నల్లగొండలో వరి పండించాయి, ఆ వరి కోసం మిల్లులు పుట్టాయి.

మిల్లులు ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. అప్పట్లో అవి ఊరి బయటే, ఊరు పెరిగాక నడుమకు వచ్చాయి. వడ్లు రావడానికి రోడ్డు కావాలి, బియ్యం పోవడానికి లారీ కావాలి, కరెంటు లైను దగ్గరుండాలి, అన్నింటికీ మించి నేల చవగ్గా దొరకాలి. బియ్యం మిల్లుకు నేల ఎందుకంత అవసరమో దాని లోపలికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. ఉప్పుడు బియ్యం పట్టే మిల్లులో మొదట వడ్లను తొట్లలో నానబెడతారు, ఊక మండించిన బాయిలరు ఆవిరితో ఉడికిస్తారు, తర్వాత ఆరబోస్తారు. ఆ ఆరబోతకు ఎకరాల కొద్దీ సిమెంటు కల్లం కావాలి. పొద్దున పొగలు కక్కుతున్న వడ్లను తోపుడు బండ్లతో తెచ్చి కల్లంలో పోస్తే, ఆడవాళ్లు వరసగా నిలబడి కాళ్లతోనే చాళ్లు తీసుకుంటూ అటూ ఇటూ నడిచేవాళ్లు. అలా తిరగేస్తూ పోతేనే గింజ సమంగా ఆరుతుంది. ఎక్కువ ఆరితే మరలో నూకవుతుంది, తక్కువ ఆరితే బియ్యం మెత్తబడి నిల్వకు పనికిరాదు. గింజను పంటి కింద కొరికి "ఇక ఎత్తండి" అని చెప్పగలిగిన ఆడమనిషి లెక్క ఏ తేమ యంత్రానికీ తీసిపోయేది కాదు. వాన మబ్బు కనిపిస్తే ఆ కల్లంలో పరుగే పరుగు, టార్పాలిన్లు లాగడం, కుప్పలు చేయడం. ఈ పని ఎవరి రికార్డులోనూ నైపుణ్యం కింద ఎక్కలేదు. కూలి కిందనే ఎక్కింది.

ఆ కల్లం కోసం కొన్న నేలే తర్వాత బంగారమైంది.

ఈ మిల్లుల్ని ప్రభుత్వ నిబంధనలే చాలాకాలం ఊళ్లలో కట్టిపడేశాయి. 1958లో కేంద్రం తెచ్చిన బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కొత్త మిల్లు పెట్టడానికి లేదు. అంటే పాత మిల్లు దగ్గరున్న లైసెన్సుకే ఒక విలువ. యంత్రం పాతదైనా, ఊకా తవుడూ కలిపి ఊడ్చేసే హల్లరైనా సరే, లైసెన్సు ఉంది కాబట్టి నడిచేది. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ప్రభుత్వానికి బియ్యం మరింత కావాల్సి వచ్చింది. మిల్లరు పట్టిన బియ్యంలో పెద్ద వాటా లెవీ కింద ఇవ్వాలి, మిగిలింది బయట అమ్ముకోవచ్చు. ఆ పద్ధతిలో మిల్లుకు ఖాయమైన కొనుగోలుదారు ఉన్నాడు. 1997లో లైసెన్సు చట్టాన్ని ఎత్తేశారు. డబ్బున్నవాడు ఎక్కడైనా మిల్లు పెట్టవచ్చు. దాంతో పాత మిల్లు చేతిలోని కాగితం విలువ పోయి, కాళ్ల కింది నేల విలువ ఒక్కటే మిగిలింది. ఊరి నడుమ మిల్లులు కదలడానికి మూలం ఇక్కడుందని చెప్పాలి, జనం దీని గురించి పెద్దగా మాట్లాడుకోరు గానీ.

రెండో దెబ్బ పొలం వైపు నుంచి వచ్చింది. కోత మిషన్లు రాక ముందు వరి కోసి, మెదలు వేసి, ఎండాక కట్టి నూర్చేవాళ్లు. మిల్లుకు వచ్చే వడ్లు చాలావరకు ఆరిపోయి ఉండేవి. హార్వెస్టర్ వచ్చాక నిలబడ్డ చేను నుంచి గింజ నేరుగా ట్రాక్టర్‌లో పడుతోంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటని తేమ అడుగుతారు, చేలోంచి వచ్చింది అంతకంటే పచ్చిగా ఉంటుంది. మిర్యాలగూడ మిల్లర్లు ఈ పచ్చి వడ్లనే కొనడానికి అలవాటుపడ్డారు. కోతల రోజుల్లో సన్న వడ్ల ట్రాక్టర్లు టోకెన్లు పట్టుకుని మిల్లుల ముందు రాత్రంతా బారులు తీరడం ఆ ఊరికి ఏటా ఉండే టెన్షనే. ఒక్కసారిగా వచ్చిపడే పచ్చి వడ్లకు కాళ్లతో తిరగేసే కల్లం చాలదు. పెద్ద డ్రైయర్లు కావాలి. వాటికి తగ్గ ఎత్తు షెడ్లు, పెద్ద బాయిలర్లు, రంగు మారిన గింజను ఏరేసే సార్టెక్స్ యంత్రాలు, పెద్ద లారీలు తిరిగే జాగ కావాలి. పెట్టుబడి పెట్టగలిగినవాళ్లు ఊరి బయట కొత్త మిల్లు కట్టుకున్నారు. లోపలిది ఖాళీ అయింది. డ్రైయర్ వచ్చిన మిల్లులో కల్లమూ ఖాళీ అయింది. ఆడవాళ్లు నడిచిన చాళ్ల మీద ఇప్పుడు పార్కింగ్ గీతలు.

2015 అక్టోబర్ నుంచి కేంద్రం లెవీని పూర్తిగా ఎత్తేసింది. ఇప్పుడు ప్రభుత్వం వడ్లు కొని మిల్లుకు ఇస్తుంది, మిల్లు బియ్యం చేసి తిరిగి ఇవ్వాలి. వంద కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యమో 68 కిలోల ఉప్పుడు బియ్యమో అప్పజెప్పాలి. పట్టినందుకు ఇచ్చే ఛార్జీ తక్కువ, మిల్లరుకు మిగిలేది తవుడు, నూకలు, ఊకల మీదే. ఇలాంటి వ్యాపారం భారీ ఎత్తున చేస్తేనే గిట్టుబాటు. గంటకు కొన్ని బస్తాలు పట్టే పాత మిల్లుకు అది కుదరదు. ఊరి జనం కూడా దాన్ని భరించే రోజులు పోయాయి. మిల్లు చుట్టూ కాలనీలు లేచాయి, ఆరేసిన బట్టల మీద ఊక బూడిద పడుతోందని ఫిర్యాదులు. మిల్లే ముందు వచ్చింది, కాలనీ తర్వాత వచ్చింది. అయినా ఇళ్లలో చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఎవరు ముందన్న వాదన నిలబడదు, బూడిద బూడిదే.

పాలమూరు నూనె మిల్లులది ఇంకో కథ, ఇంతకంటే బాధాకరమైనది. వనపర్తి, గద్వాల, కల్వకుర్తి, అచ్చంపేట వైపు ఎర్ర నేలల్లో, చల్క భూముల్లో పల్లి ప్రధాన పంట. జడ్చర్ల పక్కన బాదేపల్లి మార్కెట్ పల్లికాయకు పెట్టింది పేరు. పంట ఉన్న చోట కాయ కొట్టే డికార్టికేటర్లు, నూనె తీసే ఎక్స్‌పెల్లర్లు వచ్చాయి. పల్లి గింజలో సుమారు సగం నూనే ఉంటుంది. ఎక్స్‌పెల్లర్ తీయగలిగినంత తీశాక మిగిలిన చెక్కలో ఇంకా కొంత నూనె ఉంటే దాన్ని రసాయనంతో ఆ నూనె లాగే సాల్వెంట్ ప్లాంట్లకు అమ్మేవాళ్లు. నూనె, చెక్క, పొట్టు, మూడింటికీ గిరాకీ. మిల్లు ఉన్న వీధి మొత్తం వేయించిన పల్లి వాసన వచ్చేది.

1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. కొన్నేళ్ల పాటు దేశం నూనెల్లో దాదాపు సొంత కాళ్ల మీద నిలబడింది కూడా. 1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో అందరికీ తెరిచారు. 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. ఓడల్లో వచ్చిన నూనె ముందు పాలమూరు చల్క రైతు పల్లి నిలబడలేకపోయింది. ఈ రోజు దేశం వాడే వంటనూనెలో సగానికి మించి దిగుమతే. ఇంట్లో పప్పులో తాలింపు వేసే నూనె ఏదన్నది ఢిల్లీలో సుంకం మార్చిన ఒక కాగితంతో తేలిపోయింది, ఆ కాగితం పడిన చప్పుడు వనపర్తి మిల్లు గేటుకు వినపడింది. తర్వాత జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన చోట రైతు వరికి మారాడు. అది అతని తప్పు ఎంతమాత్రం కాదు, నీళ్లు చూసిన పాలమూరు రైతు వరి వేయకుండా ఎలా ఉంటాడు? అయితే నూనె మిల్లుకు మాత్రం అటు సరుకూ పోయింది, ఇటు ధరా పోయింది.

ఇలా ఒకచోట సరుకు ఎక్కువై, మరోచోట సరుకు లేక మిల్లులు ఖాళీ అయ్యాయి. వాటిలోకి షాపింగ్ ఎందుకొచ్చింది? గోదాములు, బడులు, ఆసుపత్రులు రావచ్చు కదా. కొన్ని చోట్ల వచ్చాయి. షాపింగ్ ఎక్కువగా రావడానికి ఊళ్లే మారడం ఒక కారణం. 2016 అక్టోబర్‌లో సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లా కేంద్రాలయ్యాయి, 2019లో నారాయణపేట చేరింది. కలెక్టరేట్లు, ఉద్యోగుల జీతాలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు పెళ్లి బట్టలంటే హైదరాబాద్ బస్సెక్కేవాళ్లు. ఇప్పుడు ఆ డబ్బు ఊళ్లోనే ఖర్చవుతోంది. అలాంటి పెద్ద దుకాణానికి ఊరి నడుమ, రోడ్డు మీద, ఒకే ముక్కగా ఎకరం జాగ కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? పాత బజార్లలో అన్నీ ఇరుకు మల్గీలే, వారసుల వాటాలే. ఒకే పట్టాలో, ఒకే ప్రహరీలో ఉన్న పెద్ద జాగ మిల్లే.

కట్టడం కూడా కలిసొచ్చింది. మిల్లు షెడ్డు మధ్యలో స్తంభాలుండవు, ఇనుప దూలాల మీద కప్పు నిలుస్తుంది. వడ్ల బస్తాలు ఎత్తుగా నెట్టు కట్టడానికి కట్టిన ఆ ఎత్తులో ఇప్పుడు మధ్యలో ఇంకో అంతస్తు వేసేస్తున్నారు. గోదాం అరుగు లారీ తొట్టి ఎత్తుకు ఉండేలా కట్టారు, హమాలీ బస్తా భుజాన వేసుకుని వంగకుండా లారీలోకి నడిచిపోవాలని. ఇప్పుడు దానికి గ్రానైట్ మెట్లు అంటించి షోరూం ద్వారం చేశారు. షెడ్డులో ఓ మూల కొన్నిచోట్ల పైకప్పు దగ్గర పాత ఇనుప ఇరుసు అలాగే ఉండిపోతుంది. ఒకే మోటారు దాన్ని తిప్పితే, దాని మీది చక్రాల నుంచి తోలు పట్టీలు కిందికి దిగి ఒక్కో యంత్రాన్ని తిప్పేవి. విప్పడానికి అయ్యే ఖర్చు పాత ఇనుము ధరకు మించితే అక్కడే వదిలేస్తారు, ఫాల్స్ సీలింగ్ వేసి కప్పేస్తారు. చీరలు చూసుకుంటున్న వాళ్ల నెత్తి మీద నాలుగు అడుగుల పైన ఆ ఇరుసు ఉంటుంది.

ఇక్కడ ఒక భయం కూడా ఉంది, దాన్ని దాటేయడం తప్పు. మిల్లు షెడ్డుకు ద్వారాలు తక్కువ, ఉన్నవి సరుకు కోసం కట్టినవి. దాన్ని అద్దాలతో మూసి, ఏసీ పెట్టి, బట్టలతో నింపి, వందలమందిని లోపలికి పిలుస్తున్నారు. 2017 డిసెంబర్ 29న ముంబైలో కమలా మిల్స్ ఆవరణలో హోటళ్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. అదీ మిల్లు ఆవరణే, అక్కడా పరిశ్రమ చోటును విందుల కోసం మార్చారు. పండుగ రోజుల్లో మన ఊళ్లలో అలాంటి షోరూంలోకి వెళ్లినప్పుడు బయటికి పోయే రెండో దారి ఎటుందో చూసుకోవాలి. చాలాచోట్ల దాని ముందు అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. పండుగ డిస్కౌంట్ బోర్డులకు పెట్టే శ్రద్ధలో పదో వంతు ఆ దారికి పెడితే చాలు.

ఇంక మనుషుల సంగతి. మిల్లులో హమాలీలు, బాయిలరు మనిషి, కల్లంలో ఆడవాళ్లు, గుమాస్తా ఉండేవాళ్లు. షాపింగ్‌లో సేల్స్ అమ్మాయిలు, బిల్లింగ్ కౌంటర్, సెక్యూరిటీ గార్డు. ఉద్యోగాల సంఖ్య అటూ ఇటూ సమానమైనా మనుషులు సమానం కారు. యాభై ఏళ్ల హమాలీకి చీరలు చూపించే పని ఇవ్వరు. అతను ఊరి బయట కొత్త మిల్లుకు వెళ్తే అక్కడ బస్తాల పని చాలావరకు బెల్టులు, ఎలివేటర్లు చేస్తుంటాయి. కల్లంలో నడిచిన ఆడవాళ్ల బిడ్డలు కొందరు అదే జాగలో సేల్స్‌లో చేరుతారు. ఎండ లేదు, నెల తిరిగితే జీతం, అది మెరుగే. పొద్దున పది నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి, అది మెరుగు కాదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లు కూర్చోవడానికి వీలు కల్పించాలని చట్టం చేశాయి. మన దగ్గరా దాని అవసరం ఎంతైనా ఉంది.

నారాయణపేట, గద్వాల, పోచంపల్లి, పుట్టపాక, ఇవన్నీ పాలమూరు, నల్లగొండ అనే రెండు పాత జిల్లాల్లోనివే. దేశమంతా పేరున్న చీరలు. అదే జిల్లాల్లో మిల్లు జాగల్లో లేచిన షోరూంలకు వెళ్తే ముందు వరసలో కనిపించేది మాత్రం చాలాసార్లు సూరత్ సరుకే. ఒక్క గోడ స్థానిక మగ్గానికి ఇవ్వడం ఆ షోరూంకు నష్టమేమీ కాదు, కొనేవాళ్లు ఉన్నారు.

మళ్లీ వాటా దగ్గరికి రావాలి. మిల్లు జాగను పరిశ్రమ నుంచి వ్యాపార వాడకానికి మార్చుకోవాలంటే, దుకాణాలు కట్టుకోవాలంటే అనుమతి తీసుకోవాలి, ఫీజులు కట్టాలి. పట్టణానికి ఏదైనా అడిగే అవకాశం ఆ ఒక్క రోజే ఉంటుంది. ఫీజు ఖజానాకు పోతుంది, ట్రాఫిక్, డ్రైనేజీ మాత్రం ఆ వీధికే మిగులుతాయి. ముంబైలో మూడో వంతు సూత్రాన్ని సవరణతో నీరుగార్చినా, ముందు ఆ సూత్రం ఉంది కాబట్టే కొందరు కార్మికులకు ఇల్లయినా దక్కింది. మన పట్టణాల్లో మిల్లు జాగలకంటూ అలాంటి పట్టింపు లేదు. అంత పెద్ద వాటా చిన్న పట్టణంలో కుదరదని వాదించవచ్చు, ఆ వాదనలో కొంత న్యాయం ఉంది, ఎకరం రెండెకరాల జాగను మూడు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు. అయితే కల్లంలో ఒక మూల పది చెట్లకు, వీధి వ్యాపారులకు కొంత జాగకు, అందరికీ ఒక మరుగుదొడ్డికి షరతు పెట్టడం కుదురుతుంది. మిల్లు మూసేనాటికి పనిలో ఉన్నవాళ్లకు బకాయిలు ముట్టాయన్న కాగితం చూపితేనే అనుమతి అనడమూ కుదురుతుంది. 1934లో నిజాం కాలంలో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు విషయంలో జాగతో పాటు జ్ఞాపకమూ ఎలా పోతుందో చూశాం. వేలమందికి అన్నం పెట్టిన మిల్లు పోయి జాగ ప్లాట్లయింది, ఆ మిల్లు ఎలా ఉండేదో కొత్త తరానికి చూపడానికి గోడలు కూడా సరిగా మిగల్లేదు. మన మిల్లులు దానికంటే చాలా చిన్నవి. కూల్చే ముందు ఫొటోలు తీసి, పనిచేసినవాళ్ల మాటలు రికార్డు చేసి దగ్గరి డిగ్రీ కాలేజీలో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

ఈ మధ్య ఇలాంటి షాపింగ్ వరసల్లో ఒక కొత్త రకం మల్గీ కనిపిస్తోంది. బోర్డు మీద "గానుగ నూనె" అని ఉంటుంది. లోపల చెక్క రోలుతో ఒక చిన్న యంత్రం, మెల్లగా తిరుగుతుంటుంది. పల్లి, నువ్వులు, కుసుమ. ధర ప్యాకెట్ నూనెకు ఎంతో ఎక్కువ, అయినా కొంటున్నారు. కొందరు సొంత చేనులో పండిన పల్లి గింజల్ని సంచిలో తెచ్చుకుని, పట్టినంతసేపూ అక్కడే స్టూలు మీద కూర్చుంటారు, పక్కవాళ్ల గింజతో కలవకుండా. నూనె క్యాన్‌లో పోయించుకుంటారు, చెక్కను వేరే కవర్లో కట్టించుకుంటారు, ఇంటి దగ్గర బర్రెకు. గుమ్మం దాటే లోపు పల్లి వాసన రోడ్డు మీదికి వస్తుంది.